ఖాళీ సూది

ఉదయం ఎనిమిది దాటి అయిదు నిమిషాలకు ఏజెంట్ పదిహేడు మ్యూజియం మూడో అంతస్తులోని పురుగుల గదిలో అడుగు పెట్టేసరికి, ప్రొఫెసర్‌గారు ఇంకా మైక్రోస్కోపులోకి చూస్తూనే ఉన్నారు. ప్రాణం పోయి గంటయింది.

చూసేవాళ్లకు పనిలో మునిగిపోయిన మనిషిలాగే ఉన్నారాయన. ఎడమ మణికట్టు మీద మాత్రం దోమ కుట్టినంత ఎర్రటి చుక్క. డిపార్ట్‌మెంట్ డాక్టరు దాన్ని భూతద్దంలో చూసి పెదవి విరిచాడు.

"సూది మందు. చూడ్డానికి గుండెపోటే. ఇంకెవరైనా అయితే అలాగే రాసేసి వెళ్లిపోయేవాళ్లు."

పదిహేడు టేబుల్ మీదికి చూశాడు. అక్కడొక బెండు పలక, దాని మధ్యలో సన్నటి నల్ల సూది. సూదికి గుచ్చిన చిన్న చీటీ మీద నిన్నటి తేదీ, ‘ఆఫీసు కిటికీ’ అని దొరికిన చోటు, ‘పట్టినవారు’ అన్నచోట ప్రొఫెసర్‌గారి పొట్టి సంతకం. సూది ఉంది. చీటీ ఉంది. సూదికి ఉండాల్సిన పురుగు లేదు. బెండు మీద కాస్త గోధుమరంగు పొడి మాత్రం మిగిలింది.

పధ్నాలుగేళ్ల సర్వీసులో పదిహేడు చాలా శవాలను చూశాడు. డబ్బు కోసం, ఫైళ్ల కోసం, మ్యాపుల కోసం చంపిన వాళ్లను చూశాడు. రెక్కల పురుగు కోసం మనిషిని చంపడం చూడటం ఇదే మొదటిసారి.

గది మూల స్టూలు మీద కూర్చున్న మనిషి తలెత్తింది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఆ కళ్లే ఇప్పుడు చక్రాల్లా తిరిగాయి.

"నువ్వా! నువ్వేంటి ఇక్కడ? పంపుసెట్ల వాళ్లని ఎవరు పిలిచారు?"

ఆమె అతని సొంత వదిన. ఇరవై రెండేళ్లుగా ఈ గదిలోనే ఉద్యోగం. చచ్చిన పురుగుల రెక్కలు విప్పి, సూదితో గుచ్చి, ఆరబెట్టి, చీటీ పెట్టడం ఆమె పని. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. పదిహేడు చేసే పని మాత్రం ఇంట్లో ఎవరికీ తెలియదు. వాళ్ల లెక్కలో అతను పంపుసెట్ల కంపెనీ సేల్స్‌మన్.

అతను జేబులోంచి కార్డు తీసి చూపించాడు. ఆమె ముందు కార్డు చదివింది, తరువాత అతని మొహం చదివింది.

"మీ అన్నయ్యకి తెలుసా?"

"తెలీదు వదినా."

"అత్తయ్యకి?"

"తెలీదు."

"అందుకేనా, పోయినేడు మా పెరట్లో మోటారు బాగు చేస్తానని విప్పి, మళ్లీ బిగించలేక పారిపోయావు?"

"అందుకే."

ఆమెకు నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని ఖాళీ సూది వైపు చూపించింది.

"దాన్ని నిన్న సాయంత్రం నేనే గుచ్చాను. ఆయన అది చూసి ఎవరికో ఫోన్ చేశారు."

"నాకే చేశారు," అన్నాడు గుమ్మంలోంచి చీఫ్.

చీఫ్ పొట్టి మనిషి. ఎప్పుడూ నిలబడే మాట్లాడతాడు. కూర్చుంటే మాటలు పెరుగుతాయని ఆయన నమ్మకం.

"విను, పదిహేడూ. కాలవల నిండా గుర్రపు డెక్క. నీళ్లు పారడం లేదు. ఆ డెక్కని తినే పురుగులు తమ దగ్గరున్నాయని ఒక విదేశీ కంపెనీ బహుమతిగా పంపింది. నలభై గాజు పెట్టెలు, రెండు లక్షల రెక్కల పురుగులు. ఈరోజు పదకొండింటికి పరిశోధన కేంద్రంలో మంత్రిగారు బటన్ నొక్కి వదులుతారు. అవి గుడ్లు పెడతాయి, పిల్లలు డెక్కని తింటాయి. బాగానే ఉంది కదా?"

"బాగానే ఉంది."

"నిన్న సాయంత్రం ఏడింటికి ప్రొఫెసర్ ఫోన్ చేశారు. ‘పెట్టెల్లోంచి తప్పించుకున్న పురుగు ఒకటి నా కిటికీ మీద వాలింది, ఇది మనం అడిగింది కాదు’ అన్నారు. మనం అడిగినదానికి కవల లాంటి ఇంకో జాతి ఉందట, దొరికింది అదే. అది డెక్కని ముట్టదు. గింజ పట్టే పైరు ఏదైనా తింటుంది. రెండు లక్షలు వదిలితే ఒక్క పంటకాలంలో గాదెలు ఖాళీ."

పదిహేడుకి ఎందుకో ఇంట్లో అన్నం వడ్డించే అమ్మ చెయ్యి కళ్లముందు మెదిలింది.

"ఆపించండి సార్."

"ఏం చూపించి ఆపించను? పురుగు ఎత్తుకుపోయారు. చూసిన మనిషిని చంపారు. ఒక్క పురుగుని చూసి విదేశీ బహుమతిని వెనక్కి పంపుతామా అంటున్నారు మంత్రిగారు. పైగా కంపెనీలో మన మనిషి ఉంది. రెండేళ్లుగా ప్రచార విభాగం హెడ్. కోడ్ పేరు లాంతరు. రాత్రే అడిగాను, పెట్టెలన్నీ సక్రమం అని ఆమె రిపోర్టు."

"మరి ప్రొఫెసర్‌గారు పొరబడ్డారేమో?"

"ఆయన పొరబడరు," అంది వదిన వెంటనే. ఆ మాటలో ఎంత నమ్మకమో అంత భయం.

చీఫ్ వాచీ చూసుకున్నాడు. "పదిన్నరకి శాంపిల్ పరీక్ష. ప్రొఫెసర్ సంతకం పెట్టాలి. ఆయనకి ఒంట్లో బాగాలేదని, అసిస్టెంటు వస్తున్నాడని చెప్పాను. ఆ అసిస్టెంటువి నువ్వే. తప్పుడు పురుగులైతే కాదని చెప్పు, కారణం అందరికీ కంటికి కనిపించేలా చూపించు. సరైనవైతే సంతకం పెట్టు. అనవసరంగా ఆపితే డెక్క మనల్ని ముంచుతుంది. అనవసరంగా వదిలితే ఆకలి ముంచుతుంది."

"సార్, నాకు సీతాకోకచిలుకకీ రెక్కల పురుగుకీ తేడా తెలీదు."

"అందుకే మీ వదినగారిని కూర్చోబెట్టాను. నలభై నిమిషాలు."

"వదినే వెళ్లొచ్చుగా?"

"ప్రొఫెసర్ ఉత్తరాలన్నీ ఆమే పట్టుకెళ్లేది. వాళ్లకి ఆమె మొహం తెలుసు." చీఫ్ గొంతు తగ్గించాడు. "ఇవాళ ఆ మొహం ఎవరికీ కనబడకపోవడమే మంచిది."

* * *

వదిన రెండు పాత పురుగులను తెచ్చి అతని ముందు పెట్టింది. రెండూ బొటనవేలి గోరంత. రెండూ గోధుమరంగు. రెండింటి ముందు రెక్కల మీదా చిక్కుడు గింజ ఆకారంలో మచ్చ, మచ్చ పక్కన తెల్లటి చుక్క.

"ఇది మంచిది. ఇది దొంగది. ఏం తేడా?"

పదిహేడు పట్టిపట్టి చూశాడు. "ఇది కాస్త నల్లగా ఉంది."

"రంగుని నమ్మకు మరిదీ. ఆడదీ మగదీ వేరు రంగు, పాతబడితే వేరు రంగు. మచ్చని నమ్ము. ముందు రెక్క మీద మచ్చలు రెండింటికీ ఒకటే. వాలి కూర్చున్నప్పుడు కనిపించేది అదే. అందుకే ఎవరూ పోల్చలేరు. ఇప్పుడు ముందు రెక్క ఇలా పక్కకి తీసి వెనక రెక్క చూడు."

సూదిమొనతో ఆమె రెక్కను ఒక వెంట్రుకవాసి జరిపింది. మంచిదాని వెనక రెక్క పాలలా తెల్లగా ఉంది. దొంగదాని వెనక రెక్క అంచుకు మాత్రం మసి పూసినట్టు నల్లటి పట్టీ.

"అబ్బా, ఇంతేనా!" అన్నాడతను. ఆ మాటతోపాటు వచ్చిన ఊపిరికి రెక్క మీది పొడి లేచింది.

వదిన అతని నెత్తి మీద ఒక్కటిచ్చింది. "ఊపిరి! పురుగు మీద ఎప్పుడూ ఊపిరి వదలకు. ఆ పొడే మచ్చ. పొడి పోతే ఇంకేముంది, ఉత్త గాజురెక్క. మాట్లాడాలంటే మొహం పక్కకి తిప్పి మాట్లాడు. నువ్వు ఊపిరి బిగపట్టకపోతే ఈ పని చేసేవాడివి కాదని అక్కడ చిన్నపిల్లకైనా తెలిసిపోతుంది."

అతను మళ్లీ చూశాడు. మళ్లీ చెప్పాడు. ఆమె పురుగులను కలిపేసి తెచ్చింది. పదిలో ఏడు సరిగ్గా చెప్పాడు. మళ్లీ. పదిలో తొమ్మిది. తప్పిన ఆ ఒక్కటీ అతని గుండెల్లో ముల్లులా దిగింది. అక్కడ తప్పేది ఆ పదోది అయితే?

"భయంగా ఉంది వదినా."

"ఉండాలి. నాకు ఇరవై రెండేళ్ల తర్వాత కూడా ఉంది." ఆమె ఒక పురుగును వెల్లకిలా తిప్పి పట్టుకుంది. "ఒకసారి పెద్దాయన్ని అడిగాను, దేవుడు రెండింటిని ఇంత పోలికగా ఎందుకు చేశాడండీ అని. ‘మనం బాగా చూడాలనేమోనమ్మా’ అన్నారు. అది జవాబో కాదో ఇప్పటికీ తెలీదు నాకు. అసలు నన్నడిగితే పొట్టవైపు చూడటమే సులువు. దొంగదానికి ముందు రెక్కల కింద చెరో నల్లటి మరక ఉంటుంది, ఇదిగో. కానీ పుస్తకాల్లో బొమ్మలన్నీ పైవైపే. బీరువాల్లో గుచ్చేదీ పైకే. పొట్టవైపు చూసేది ఈ గదిలో నేనొక్కదాన్నే. నేనూ, దేవుడూ."

"టైమ్!" అన్నాడు చీఫ్.

వదిన తన ఎడమ చేతికి కట్టుకున్న గుడ్డ దిండు విప్పింది. పని చేసేటప్పుడు సూదులు గుచ్చుకోవడానికి మణికట్టుకు కట్టుకునేది అది. దూదిపెట్టి కుట్టింది, అరిగిపోయి నల్లబడింది. దాన్ని అతని చేతికి కట్టి ముడివేసింది.

"ఇది లేకుండా మా పనివాళ్లం ఉండం. వేషం పూర్తి కావాలిగా."

టెక్నికల్ విభాగం వాళ్లు మిగతావి తగిలించారు. కోటు బొత్తాంలో కెమెరా, చెవిలో వినికిడి మిషన్ లాంటి రేడియో. కెమెరా చూసేది సేఫ్ హౌస్‌లో వదిన చూస్తుంది, ఆమె చెప్పేది అతని చెవిలో వినిపిస్తుంది. జేబులో ఒక పెన్ను. మూత నొక్కితే మత్తు ఆవిరి. ఒక్కసారికే పనిచేస్తుంది.

మెట్లు దిగుతూ పదిహేడు చెయ్యి దానంతటదే గుండెమీదికి వెళ్లింది. రోజూ ఇంట్లోంచి బయల్దేరేముందు పెట్టుకునే దండం ఇవాళ హడావిడిలో పెట్టుకోలేదు. మెట్ల మీదే పెట్టుకున్నాడు.

* * *

పరిశోధన కేంద్రం గేటు దగ్గర ముగ్గురు అతని కార్డు చూశారు. ముగ్గురూ అతని మొహం చూశారు. మూడోవాడు కాస్త ఎక్కువసేపు చూశాడు.

లోపల పొడవాటి వరండా. వరండా చివర ఆమె నిలబడి ఉంది. తెల్లటి సిల్కు, పొట్టిగా కత్తిరించిన రాగిరంగు జుట్టు, వేలికి పచ్చరాయి ఉంగరం. పక్కన ఎవరున్నా ఆమెనే చూస్తారు.

"ఇక్కడ గాలి తక్కువగా ఉందండీ," అన్నాడు పదిహేడు.

"కిటికీ తీస్తే దుమ్ము వస్తుందని మూయించాను," అంది ఆమె.

కోడ్ సరిపోయింది. లాంతరు ఆమే. అతని భుజాలు కొంచెం దిగాయి. ఆమె నవ్వుతూనే, పెదవులు కదలకుండా చెప్పింది: "కంగారు పడకండి. పెట్టెలన్నీ నేను చూశాను. పాపం ముసలాయన చూపు మందగించింది. సంతకం పెట్టేసి టీ తాగి వెళ్లిపోండి."

ఆమెతో లోపలికి నడుస్తుండగా చెవిలో గరగర మొదలైంది. వదిన గొంతు ఒక్క ముక్క వినిపించింది: "మరిదీ, నాకు బొమ్మ..." అంతే. ఆ తరువాత ఏమీ లేదు.

"సిగ్నల్స్ ఆపేశారు," అంది లాంతరు. "మంత్రిగారి సెక్యూరిటీ."

ఇక అతనొక్కడే. నలభై నిమిషాల చదువుతో, పదిలో తొమ్మిది మార్కులతో.

పరీక్ష గదిలో కంపెనీ తరఫు నిపుణుడు ఎదురుచూస్తున్నాడు. మందపాటి కళ్లద్దాల డాక్టరు. కరచాలనం చెయ్యలేదు. ఒక పళ్లెం ముందుకు తోశాడు. అందులో ముప్ఫై పురుగులు. రెక్కలు విప్పి, పైవైపు కనిపించేలా వరసగా గుచ్చి ఉన్నాయి.

"ఇవి ఈ ఉదయం పెట్టెల్లోంచి తీసినవి. చూడండి."

"పెట్టెల్లోంచి నేనే తీసుకుంటాను," అన్నాడు పదిహేడు.

"పెట్టెలకు మంత్రిగారి సీల్ పడింది. తీస్తే మీ మంత్రిగారికి మీరే జవాబు చెప్పుకోండి."

పదిహేడు లాంతరు వైపు చూశాడు. ఆమె కళ్లతోనే ‘పర్వాలేదు’ అంది.

అతను ముందుకు వంగాడు. ఊపిరి బిగపట్టాడు. చేతి దిండులోంచి ఒక సూది తీసి మొదటి పురుగు దగ్గరికి తెచ్చాడు. వేళ్లు వణుకుతున్నాయి. చిక్కుడు గింజ మచ్చ ఉంది. తెల్లచుక్క ఉంది. వెనక రెక్క తెల్లగా, పాలలా ఉంది. పట్టీ లేదు. రెండోది కూడా అంతే. మూడోది. పదోది. ఊపిరాడక మొహం పక్కకి తిప్పి పీల్చుకున్నాడు. ఏదో ఘాటు వాసన తగిలింది. జుట్టుకు రంగు వేసే దుకాణంలో వచ్చే వాసన. రాగిరంగు జుట్టు వైపు చూసి, ఆమెదే అనుకుని మళ్లీ వంగాడు.

ఇరవై. ముప్ఫై. అన్నీ తెలుపే.

"తృప్తేనా?" అన్నాడు కళ్లద్దాల డాక్టరు.

పదిహేడుకి తృప్తిగానే అనిపించింది. నిజం చెప్పాలంటే తృప్తి కన్నా ఎక్కువ అనిపించింది, దండం పెట్టాలనిపించింది. కరువు రాదు. ఎవరితోనూ గొడవ పడక్కరలేదు. భయపడ్డవాడికి తన భయం అబద్ధమని ఎవరైనా చెబితే ఎంత తీపిగా ఉంటుందో అంత తీపిగా ఉంది. అతను కాగితం మీద సంతకం పెట్టేశాడు.

గడియారంలో పదీ యాభై.

* * *

పెట్టెలు హాల్లో రెండు వరసలుగా ఉన్నాయి. ఒక్కొక్కటి బీరువా అంత. ఇప్పటిదాకా వాటిమీద నల్ల గుడ్డలు కప్పి, పురుగులు నిద్రపోయేలా హాలును చల్లగా ఉంచారు. వేదిక మీద మంత్రిగారు కూర్చున్నారు. ఆయన ముందు ఎర్ర బటన్. అది నొక్కగానే నలభై పెట్టెల మూతలూ, పై కిటికీలూ ఒకేసారి తెరుచుకుంటాయి.

పదకొండుకు ఆరు నిమిషాలుండగా గుడ్డలు తీశారు. వేడిగాలి వదిలారు. పెట్టెల అడుగున వెలుతురు వెలిగింది. పురుగులు కదిలాయి. ఒకటీ, పదీ, వందలూ పాకుతూ వచ్చి ముందు అద్దానికి పట్టుకున్నాయి.

పదిహేడు ఒక పెట్టెకు అడుగు దూరంలో ఉన్నాడు. అద్దానికి అటువైపు కాళ్లూ, పొట్టలూ, రెక్కల అడుగులూ. ఒక్కొక్క రెక్క కింద నల్లటి మరక.

అతను రెప్ప వాల్చాడు. మళ్లీ చూశాడు. జంట మరకలు. ప్రతి పురుగుకూ రెండు. పక్క పెట్టెలోనూ అంతే. ఆ పక్కదానిలోనూ. వేల జతల నల్లని కళ్లు అద్దంలోంచి అతన్నే చూస్తున్నట్టుంది. చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

‘పొట్టవైపు చూసేది నేనొక్కదాన్నే. నేనూ, దేవుడూ.’

ఘాటు వాసన ఆమె జుట్టుది కాదు. శాంపిల్ పురుగుల రెక్కలది. నల్ల పట్టీకి రంగు పోగొట్టే మందు రాసి తెలుపు చేశారు. పుస్తకాల్లో బొమ్మలు చూసి చేశారు, పైవైపే చేశారు. తను ఒక్కదాన్నైనా తిప్పి చూడలేదు. పైగా సంతకం పెట్టాడు.

పదకొండుకు నాలుగు నిమిషాలు.

"ఆపాలి," అన్నాడు. లాంతరు పక్కనే ఉంది. "ఇవి అవి కావు. ఆపించండి."

ఆమె నవ్వు చెక్కుచెదరలేదు. "మీరేగా సంతకం పెట్టారు?"

"మోసపోయాను. మీరూ మోసపోయారు. రండి, మంత్రిగారికి..."

"మీకు చెమట్లు పడుతున్నాయి. నాడి చూడనివ్వండి." ఆమె ఎంతో ఆప్యాయంగా అతని ఎడమ చెయ్యి అందుకుంది.

ఎడమ మణికట్టు. ఎర్రటి చుక్క. పచ్చరాయి ఉంగరం రాయి పక్కకి జరిగి, దాని కిందనుంచి తళుక్కుమన్న సూదిమొనను అతను చూశాడు. చెయ్యి లాక్కునేలోపే అది దిగిపోయింది.

నొప్పి లేదు. ఆ నొప్పి లేకపోవడమే అతన్ని ఇంకా భయపెట్టింది. విషం ఎక్కడానికి ఎంతసేపు పడుతుంది? ప్రొఫెసర్‌గారికి ఎంతసేపు పట్టింది? అతను చేతివైపు చూశాడు. వదిన కట్టిన గుడ్డ దిండు మీద తడి మరక మెల్లగా పాకుతోంది. సూది దూదిలో ఆగిపోయింది.

లాంతరు కూడా అదే చూసింది. మొదటిసారిగా ఆమె నవ్వు ఆరిపోయింది. పదిహేడు జేబులోంచి పెన్ను తీసి, ఊపిరి బిగపట్టి, మూత నొక్కాడు. ఆ ఉదయం నేర్చిన విద్య అలా కూడా పనికొచ్చింది. తెల్ల సిల్కు మడతలు పడుతూ కుప్పకూలింది.

"మేడమ్ పడిపోయారు! నీళ్లు! నీళ్లు!"

జనం మూగారు. సెక్యూరిటీవాళ్లు అటు తిరిగారు. పదిహేడు వేదిక వైపు పరిగెత్తితే దారిలోనే కాల్చేస్తారు. అతను గోడవైపు పరిగెత్తాడు. స్తంభం వెనక ఫ్యూజుల పెట్టె. మూత లాగేసరికి గోరు విరిగింది. వేదిక మీద ఎవరో మైకులో అంకెలు వెనక్కి లెక్కపెడుతున్నారు. "అయిదు... నాలుగు... మూడు..." నాలుగు పెద్ద ఫ్యూజులు. ఏది దేనికో రాసిలేదు. "రెండు..." అతను రెండు చేతులా నాలుగూ పీకేశాడు. "ఒకటి!"

మంత్రిగారు బటన్ నొక్కారు. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కారు. పక్కనున్న అధికారి వైపు తిరిగి ఇంకోసారి నొక్కారు.

"ఇదేంటయ్యా, నేనొచ్చిన ప్రతిచోటా కరెంటు పోతుంది?"

కళ్లద్దాల డాక్టరు ఒక్క గెంతులో గోడకున్న ఇనప చక్రాన్ని అందుకున్నాడు. కరెంటు లేకపోతే చేత్తో మూతలు తెరిచే చక్రం అది. ఒక చుట్టు తిప్పాడు. మొదటి పెట్టె మూత కిర్రుమని కాస్తంత లేచింది. పదిహేడు తల వంచుకుని వెళ్లి అతని నడుముకు ఢీకొట్టాడు. ఇద్దరూ దొర్లారు. లేచేసరికి పదిహేడు మొహం మీదికి మూడు తుపాకులు గురిపెట్టి ఉన్నాయి.

"అయ్యా!" అని అరిచాడతను మంత్రిగారి వైపు. గొంతు చిన్నపిల్లాడి గొంతులా పలికింది. "కాల్చే ముందు ఒక్కసారి పురుగుని పొట్టవైపు చూడండి!"

అంత వింత చివరి కోరిక ఆయన జీవితంలో విని ఉండరు. ఆ ఆశ్చర్యంతోనే దిగివచ్చారు.

లేచిన మూత సందులోంచి తల బయటపెట్టిన పురుగు ఒకటి వేళ్లకు చిక్కింది. మూత మూయించి, తుపాకుల మధ్యే నిలబడి, పదిహేడు దాని ముందు రెక్కను సూదితో ఒక వెంట్రుకవాసి జరిపాడు. అప్పుడు చెయ్యి వణకలేదెందుకో అతనికి తరువాత కూడా తెలియలేదు. వెనక రెక్క అంచున మసిలాంటి పట్టీ. తిప్పాడు. జంట మరకలు. తరువాత శాంపిల్ పళ్లెం తెప్పించి, పాలలాంటి తెల్లని రెక్కలున్న పురుగునొకదాన్ని సూదితో సహా పీకి వెల్లకిలా తిప్పాడు. అవే జంట మరకలు.

"పైన సున్నం కొట్టారు సార్. కింద మర్చిపోయారు. ఇవి డెక్కని తినవు. మన అన్నం తింటాయి."

మంత్రిగారు పళ్లెం వైపు చూశారు, అద్దాల వెనక కదులుతున్న రెండు లక్షల పొట్టల వైపు చూశారు. బటన్ నొక్కిన వేలును మెల్లగా జేబులో దాచుకున్నారు.

"తలుపులు మూయండి," అన్నారు. "మళ్లీ చల్లబెట్టండి. ఆ కళ్లద్దాలాయన్ని కూడా."

* * *

సాయంత్రం చీఫ్ రిపోర్టు చదవడం ముగించాడు. ఆరోజు మొదటిసారిగా కూర్చున్నాడు.

"రెండేళ్లు పదిహేడూ. రెండేళ్లు ఆమె పంపిన ప్రతి కాగితం నేనే చదివాను. ఒక్క అనుమానం రాలేదు. ఎలాగంటావు?"

"మనం కూడా పైనుంచే చూశాం సార్."

పురుగుల గదిలో మైక్రోస్కోపుకు గుడ్డ కప్పి ఉంది. ప్రొఫెసర్‌గారి కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. వదిన తన స్టూలు మీదే ఉంది. పదిహేడు విషం తడిసిన గుడ్డ దిండును డిపార్ట్‌మెంట్‌కు అప్పగించేశానని చెబితే, ఇరవై రెండేళ్ల దిండు అని కాసేపు సణిగింది. తరువాత అతని మణికట్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, గీత కూడా పడలేదని నమ్మకం కుదిరాకే వదిలింది.

"అత్తయ్యకి చెప్పను," అంది. "భయపడుతుంది. కానీ మోటారు మాత్రం నువ్వే బిగించాలి."

అతను జేబులోంచి చిన్న డబ్బా తీశాడు. మూత సందులో దొరికిన పురుగు. ఆమె దాన్ని బల్ల మీద పెట్టి, మొహం పక్కకి తిప్పి ఊపిరి పీల్చుకుని, బెండు పలక మీది ఖాళీ సూదిని తీసింది. నిమిషంలో పని అయిపోయింది. రెక్కలు విప్పుకుని, మసి పట్టీలు కనిపించేలా కూర్చుంది పురుగు. ఆమె పాత చీటీ పక్కన కొత్త చీటీ గుచ్చడానికి పెన్ను తీసుకుంది. తేదీ రాసింది, చోటు రాసింది.

"పట్టినవారు అన్నచోట నీ పేరు రాయనా?"

"వద్దు వదినా. నా పేరు ఎక్కడా ఉండకూడదు. రూలు."

"చీటీ లేని పురుగు చెత్తతో సమానం అనేవారు పెద్దాయన. అదీ రూలే."

ఆమె కాసేపు ఆలోచించింది. తరువాత బియ్యపుగింజంత అక్షరాలతో పొందికగా రాసి, ఆరేదాకా ఆగి, సూదికి గుచ్చింది. ఈ రోజుకూ మ్యూజియం మూడో అంతస్తులో ఆ సొరుగు లాగి చూస్తే ఆ పురుగు కింద ఆ చీటీ కనిపిస్తుంది. పట్టినవారు: పంపుసెట్ల వ్యాపారి.